సరియైన నిర్ణయము, ఓడిపోయిన ఆట

సైకిలు నేర్చుకొను బాలునకు నేలయే గురువు. ఒక వైపునకు ఒరిగినచో పడును. పడినచో మోకాలు గీసికొనిపోవును. తప్పు జరిగిన క్షణముననే శిక్ష కూడ లభించుటచే, ఎవరును చెప్పకున్నను శరీరము ఆ తప్పును దిద్దుకొనును. చదరంగము నేర్చుకొనువానికి ఇంత త్వరగా తెలియకపోవచ్చును. అయినను ఓడిన పిదప ఎత్తులను వెనుకకు నడిపి చూచినచో తన పొరపాటు ఎక్కడ జరిగినదో అతడు పట్టుకొనగలడు. చదరంగములో అదృష్టమునకు తావు లేదు.

‘పోకర్’ అను పేకాట నేర్చుకొనువానికి ఇట్టి గురువు లేడు. తప్పుగా ఆడిన దినమున అతడు గెలువవచ్చును; సరిగా ఆడిన దినమున ఓడవచ్చును. వారముల తరబడి పుస్తకములు చదివి, లెక్కలు కట్టి, ఓపికతో ఆడి, తుదకు చూచుకొన్నచో చేతిలోనిది పోయియుండును. “ఈ విద్య నాకు రాదు” అని అతడు నిరాశ చెందును. ఆ ఓటమికి కారణము అతని తెలివితక్కువతనమా, లేక ముక్కలు పడిన తీరా? ఈ ప్రశ్నకు గణితము ఇచ్చు సమాధానము పేక ముట్టనివారికి కూడ తెలిసికొనదగినది.

అభ్యాసమునకు తోడ్పడు పరిస్థితులను గూర్చి పరిశోధించిన మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు రాబిన్ హోగార్త్ వానిని రెండు తెగలుగా విభజించెను. చేసిన పనికి తగిన ఫలితము వెంటనే, స్పష్టముగా కనిపించు పరిస్థితులు మొదటి తెగ. వానిని దయగలవని అతడు పేర్కొనెను. ఫలితము ఆలస్యముగా వచ్చుటయో, పనితో సంబంధము లేనట్లు వచ్చుటయో జరుగు పరిస్థితులు రెండవ తెగ. ఇవి దుష్టమైనవి. సైకిలు మొదటి తెగకు చెందినది. పోకరు నిస్సందేహముగా రెండవదానికి.

ఈ దుష్ట పాఠశాలలో చేరిన ఒక విద్యార్థిని అనుభవము చాల ప్రసిద్ధమైనది. మారియా కొన్నికోవా అమెరికాలో మనస్తత్త్వశాస్త్రమున డాక్టరేటు పొందిన రచయిత్రి. 2016లో ఆమె పోకరు నేర్చుకొన దలచినప్పుడు పేకలో ఎన్ని ముక్కలుండునో కూడ ఆమెకు తెలియదు. దశాబ్దముల అనుభవముగల ఆటగాడు ఎరిక్ సైడెల్ గురువగుటకు అంగీకరించెను. ఆమె నివసించు న్యూయార్కు రాష్ట్రములో ఇంటర్నెట్టు ద్వారా పోకరు ఆడుటకు అనుమతి లేదు. నది కావలనున్న న్యూజెర్సీలో 2013 నుండి అనుమతి ఉండుటచే, ఆమె నది దాటి పోయి అక్కడ కూర్చుండి ఆడుచుండెడిది! మొదట ఆమె చవిచూచినవి ఓటములే. మంచి ముక్కలు వచ్చియు ఓడిపోయిన కథలను ఆమె చెప్పబోయినప్పుడు, వానిని వినుటకు గురువు ఇష్టపడలేదు. ఏ ఆధారముతో ఏ నిర్ణయము చేసితివని మాత్రమే ఆయన అడుగుచుండెను. గురువు ఇట్లు కఠినముగా ఉండుటకు కారణమేమో తెలియవలెనన్నచో ఆట స్వరూపము కొంత తెలియవలెను.

ఇప్పుడు ఎక్కువగా ఆడునది ‘టెక్సస్ హోల్డెమ్’ అను పద్ధతి. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుదురు. తరువాత అందరికిని ఉమ్మడిగా ఐదు ముక్కలు బల్లపై తెరతురు: ముందు మూడు, తరువాత ఒకటి, తుదకు మరియొకటి. ముక్కలు తెరచుటకు ముందొకసారి, తెరచిన ప్రతిసారియు పందెము జరుగును. పందెపు సొమ్మంతయు బల్ల నడుమ కుప్పగా చేరును. ఎదుటివాడు పందెము వేసినప్పుడు ముక్కలు పడవేసి తప్పుకొనవచ్చును, అంతే సొమ్ము పెట్టి నిలువవచ్చును, లేదా పెంచవచ్చును. తుదివరకు నిలిచినవారిలో, తన రెండును ఉమ్మడి ఐదును కలసిన ఏడు ముక్కలనుండి మేలైన ఐదింటిని కూర్చగలిగినవాడు కుప్పను గైకొనును. ఒకే రంగు ముక్కలు ఐదు కూడినచో అది పెద్ద కూర్పులలో ఒకటి.

ఒక ఉదాహరణము. ఒకని చేతిలో రెండు ఆఠీనులు, బల్లపై తెరచిన నాలుగింటిలో రెండు ఆఠీనులు ఉన్నవనుకొందము. ఇంకొక ఆఠీను పడినచో అతడు గెలుచును, పడనిచో ఓడును. పేకలో ఆఠీనులు 13. నాలుగు కనబడుచున్నవి గనుక మిగిలినవి 9. అతడు చూచిన ముక్కలు మొత్తము ఆరు; చూడనివి 46. కావున ఆఠీను పడుటకు సంభావ్యత 46లో 9, అనగా నూటికి 20కి కొంచెము తక్కువ. కుప్పలో 100 ఉన్నవి. ఎదుటివాడు 25 పందెము వేసెను. ఇప్పుడు అతడు 25 పెట్టి నిలువవలెనా, పడవేయవలెనా? నిలిచి గెలిచినచో అతనికి వచ్చునది 125, ఓడినచో పోవునది 25. 46 సార్లలో 9 సార్లు 125 చొప్పున 1125 వచ్చును. 37 సార్లు 25 చొప్పున 925 పోవును. మిగులు 200. అనగా ఒక్కొక్క పర్యాయము సగటున 4 కంటె కొంచెము ఎక్కువ లాభము. నిలుచుటయే సరియైన నిర్ణయము.

కాని గమనింపుడు. ఈ సరియైన నిర్ణయము చేసినవాడు ఐదింట నాలుగు సార్లు ఓడును!

ఎదుటివాడు 25కు బదులు 50 వేసినచో లెక్క తారుమారగును. గెలిచినచో 150 వచ్చును. ఓడినచో 50 పోవును. 46 సార్లకు వచ్చునది 1350, పోవునది 1850. ఇప్పుడు నిలుచుట తప్పు. అయినను నిలిచినవానికి ఐదింట ఒకసారి ఆఠీను పడును. పడినప్పుడు అతడు మరింత పెద్ద కుప్పను ఎత్తుకొనును, తన ధైర్యమునకు ఫలము దక్కెనని సంతోషించును. తప్పునకు బహుమానము, ఒప్పునకు దండన. ఇట్టి గురువు చెంత ఎంత తెలివిగల శిష్యుడైనను ఏమి నేర్చుకొనును?

ఎంత మేలైన ముక్కలకైనను ఈ గతి తప్పదు. రెండు ఆసులు చేతికి వచ్చుట 221 పంపకములకు ఒకసారి జరుగు విశేషము. ఆ రెండు ఆసులు గలవాడు రెండు రాజులు గలవానితో సర్వస్వము ఒడ్డినను నూటికి సుమారు 18 సార్లు ఓడును. గెలిచిన 82 సార్లు మరచిపోవును. ఓడిన 18 మాత్రము జీవితాంతము చెప్పుకొనును. సైడెల్ వినుటకు నిరాకరించినవి ఇట్టి కథలే.

మరి ఒప్పు తప్పులు ఫలితములో ఎప్పుడు బయటపడును? చాలసార్లు ఆడినచో బయటపడునని 1713లో వెలువడిన గ్రంథమున జేకబ్ బెర్నూలీ నిరూపించెను. దానిని పెద్ద సంఖ్యల నియమమందురు. ఎన్నిసార్లు అను ప్రశ్నయే అభ్యాసకునకు ప్రాణసంకటము. ప్రతి పంపకమునకు ముందు నిర్బంధముగా పెట్టవలసిన పందెములు కొన్ని ఉన్నవి. వానిలో పెద్దదానిని ఒక ప్రమాణముగా తీసికొందము. చక్కగా ఆడువాడు నూరు పంపకములకు సగటున 5 ప్రమాణములు గెలుచుననుకొందము. అది మంచి ఆటయే. కాని అదే నూరు పంపకములలో వచ్చు ఒడుదుడుకులు, గణితశాస్త్రజ్ఞులు ప్రామాణిక విచలనము అను కొలతతో చూచినచో, 100 ప్రమాణముల చేరువలో ఉండును. గాలి హోరులో కీచురాయి పాట వంటిది ఆ 5.

పంపకముల సంఖ్య నూరు రెట్లు పెరిగినప్పుడు లాభము కూడ నూరు రెట్లు పెరుగును. ఒడుదుడుకులు మాత్రము వర్గమూలము చొప్పున, అనగా పది రెట్లే పెరుగును. అందువలన 10,000 పంపకములకు సగటు లాభము 500, విచలనము 1000. ఈ అంకెలనుండి లెక్కించినచో, ఇంత చక్కగా ఆడువారిలో కూడ నూటికి 31 మంది 10,000 పంపకముల పిదప నష్టములోనే ఉందురు. లక్ష పంపకముల తరువాత సైతము నూటికి ఆరుగురు నష్టములో మిగులుదురు. ఇంటర్నెట్టు బల్లపై గంటకు సుమారు 70 పంపకములు జరుగును. దినమునకు రెండు గంటలు ఆడువానికి 10,000 పూర్తియగుటకు 70 దినములు పట్టును. డెబ్బది దినముల శ్రమకు ఫలముగా వచ్చిన సంఖ్య కూడ నమ్మదగిన సాక్షి కాదన్న మాట.

ఈ లెక్క ఓడినవానికి ఓదార్పుగా కనిపించును. కాని దీనికి రెండవ ముఖము కలదు. నూరు పంపకములకు సగటున 5 ప్రమాణములు పోగొట్టుకొను తెలివితక్కువవాడు కూడ 10,000 పంపకముల పిదప నూటికి 31 పాళ్లు లాభములోనే ఉండవచ్చును. అతడు తనను ప్రవీణునిగా భావించుకొని ఇంకను పెద్ద బల్లకు పోవును. పైగా ఆట నడుపు సంస్థ ప్రతి పెద్ద కుప్పనుండి కొంత భాగము తీసికొనును. ఆటగాండ్రు ఒకరికొకరు పోగొట్టుకొన్నది మరియొకరికి చేరుటయే జరిగినచో మొత్తము సున్న కావలెను. సంస్థ భాగము పోగా అది సున్నకంటె తక్కువ. కావున అందరివలె ఆడువాడు దీర్ఘకాలమున నష్టపడియే తీరును. “నా ఆట మంచిదే, ముక్కలే రాలేదు” అని చెప్పుకొనువారిలో పెక్కుమంది ఆట మంచిది కాదు. దురదృష్టమును గూర్చిన గణితము సోమరికి సాకుగా ఉపయోగపడుట విచారకరము.

అదృష్టము ఎంత దట్టమైన పొగయో శాస్త్రజ్ఞులకు కూడ అనుభవమునకు వచ్చినది. 2017 జనవరిలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన టూమస్ శాండ్‌హోమ్, నోమ్ బ్రౌన్ తాము తయారుచేసిన ‘లిబ్రాటస్’ అను కంప్యూటరు కార్యక్రమమునకు నలుగురు ప్రవీణులతో పిట్స్‌బర్గులో పోటీ పెట్టిరి. ఇరువది దినములలో 1,20,000 పంపకములు జరిగెను. అంత పెద్ద సంఖ్య కూడ చాలదని వారొక ఉపాయము చేసిరి. ఒక గదిలో మనుష్యునకు వచ్చిన ముక్కలే మరియొక గదిలో యంత్రమునకు, యంత్రమునకు వచ్చినవే అక్కడి మనుష్యునకు వచ్చునట్లు పంచిరి. ఇందువలన ముక్కల అదృష్టము ఇరుపక్షములకు చాలవరకు సమమైనది. తుదకు యంత్రము నూరు పంపకములకు 14 ప్రమాణములకు మించి గెలిచి తన ఆధిక్యతను నిరూపించుకొనెను. ఇంటిలో ఒంటరిగా ఆడుకొను అభ్యాసకునకు అద్దమువంటి ఆ రెండవ గది ఎక్కడినుండి వచ్చును?

అతనికి మిగిలిన మార్గము ఒక్కటి: ఫలితమును కాక నిర్ణయమును పరీక్షించుట. ఇంటర్నెట్టు ఆట ఇందుకొక సౌకర్యము కల్పించినది. ఆడిన ప్రతి పంపకము, ఎవరు ఎంత పందెము వేసిరో సహా, అక్షరము పొల్లుపోకుండ నమోదగును. ఆట ముగిసిన మరునాడు తీరికగా దానిని తెరచి, నిర్ణయము చేసిన చోట ఆగి, తరువాత పడిన ముక్కను చూడకుండ మూసి, “తెలిసిన విషయములను బట్టి ఇది సరియా?” అని లెక్క కట్టవచ్చును. పైన చెప్పిన ఆఠీనుల లెక్క వంటిది పెన్సిలుతో రెండు నిమిషముల పని. ఇట్లు చేయువానికి ప్రతి పంపకము ఒక పాఠమగును, లక్ష పంపకములకై వేచియుండనక్కరలేదు. ఆరంభకుల తప్పులలో అధికభాగము ఇట్టి పరీక్షలో మొదటి వారముననే బయటపడును. అనుభవజ్ఞులు తమకు వచ్చిన ముక్కలలో సుమారు మూడు వంతులను ఆడకయే పడవేయుదురు; క్రొత్తవాడు విసుగుపుట్టి సగమునకు పైగా ఆడును.

లెక్కకు అందనిదని తోచు బుకాయింపునకు సైతము లెక్క ఉన్నది. జాన్ ఫాన్ నాయ్‌మన్ 1928లో ఆటలపై ప్రచురించిన సిద్ధాంతమును, 1944లో మార్గెన్‌స్టెర్న్‌తో కలసి వ్రాసిన గ్రంథములో పోకరునకు అన్వయించి చూపెను. ఆయన నమూనాలో సరియైన ఆటగాడు మిక్కిలి మంచి ముక్కలతోను, మిక్కిలి చెడ్డ ముక్కలతోను పెద్ద పందెము వేయును. మధ్యరకము వానితో ఊరకుండును. బుకాయింపు పట్టుబడుట కూడ వృథా కాదు. అతడు అప్పుడప్పుడు బుకాయించునని తెలిసినందువలననే అతని మంచి ముక్కలకు ఎదుటివారు సొమ్ము పెట్టుదురు. పట్టుబడి సిగ్గుపడు క్రొత్తవాడు ఈ సంగతి ఎరుగడు.

జూదములో ఓడి లెక్కలు నేర్చుకొనుట మన వాఙ్మయమునకు క్రొత్త కాదు. భారతమున అరణ్యపర్వములోని నలోపాఖ్యానములో ఋతుపర్ణ మహారాజు దారిలోనున్న తానిచెట్టు కొమ్మల ఆకులను, కాయలను లెక్కింపకయే సంఖ్య చెప్పెను. నలుడు నమ్మక, దిగి లెక్కించి, సరిపోవుట చూచి ఆశ్చర్యపడెను. పిమ్మట అశ్వవిద్య ఇచ్చి అక్షవిద్యను గ్రహించెను. పాచికల విద్యయు, చూడకయే సంఖ్యను అంచనావేయు విద్యయు ఒకే రాజు చెంత ఉన్నట్లు చెప్పిన ఆ కథ సంభావ్యతా శాస్త్రము చదువువారికి నేటికిని ముచ్చట గొలుపును.

అయితే లెక్క తెలియుట వేరు, ఓడుచు ఆ లెక్కను పట్టుకొని ఉండుట వేరు. కానెమాన్, ట్వెర్‌స్కీ అను శాస్త్రజ్ఞులు 1979లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, ఒక రూపాయి పోయిన బాధ ఒక రూపాయి వచ్చిన సంతోషము కంటె చాల పెద్దది. సుమారు రెండింతలని తరువాతి అంచనాలు తెలుపుచున్నవి. పైన చెప్పిన చక్కని ఆటగాడు గంటసేపు ఆడినచో నష్టముతో లేచుటకు నూటికి 48 పాళ్లు అవకాశమున్నది. లాభపు గంటలు, నష్టపు గంటలు దాదాపు సమానమైనను, నష్టము రెండింతలు నొప్పించుటచే అతనికి తానెప్పుడును ఓడుచున్నట్లే తోచును. అప్పుడు కోపము వచ్చును. పోయినదానిని ఆ రాత్రియే రాబట్టవలెనని పడవేయవలసిన ముక్కలను ఆడును. ఆటగాండ్రు ఈ స్థితిని ‘టిల్ట్’ అందురు. గోలీల ఆట యంత్రమును కోపముతో కుదిపినచో అది ఆగిపోయి ఆ మాటను చూపుచుండెడిది. అక్కడినుండి ఈ పేరు వచ్చినది. గంటకు 70 పంపకములు జరుగుచోట ఈ స్థితిలో ఒక్క గంట చాలును, నెల సంపాదన పోవుటకు.

2018 జనవరిలో బహామా దీవులలో జరిగిన ఒక పోటీలో కొన్నికోవా ప్రథమస్థానము పొంది 84,600 డాలర్లు గెలిచెను. పత్రికలు దీనిని ఆమె విద్యకు నిదర్శనముగా చాటినవి. కాని ఒక్క పోటీలోని గెలుపు కూడ ఒక్క ఫలితమే. ఓటమిని నమ్మరానిచో గెలుపును మాత్రము ఎట్లు నమ్మవలెను? 2020లో ప్రచురించిన తన గ్రంథములో ఆమె కూడ అదృష్టమునకు దక్కవలసిన భాగమును దానికే విడిచిపెట్టినది.

ఇంటర్నెట్టులో ధనమొడ్డి ఆడు ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను చట్టసవరణల ద్వారా నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు అట్టి ఆటలు నడుపుటను దేశమంతటను నిషేధించు చట్టము చేసెను. ఋణములలో మునిగిన కుటుంబముల వార్తలు చదివినవారికి ఇది ఆశ్చర్యము కాదు. ఇందులోని గణితమునకు పేకయు, పైసలును అక్కరలేదు. పాఠశాలలో చింతగింజలు చాలును.

ఒక సంచిలో 46 చింతగింజలు వేయవలెను. వానిలో తొమ్మిదింటికి సున్నపు బొట్టు పెట్టి ఆరనీయవలెను. ప్రతి విద్యార్థియు చూడకుండ ఒక గింజ తీసి, బొట్టు ఉన్నదో లేదో వ్రాసికొని, మరల సంచిలో వేసి కుదిపి, ఇట్లు 20 సార్లు చేయవలెను. తరువాత అవే 20 ఫలితములకు రెండు లెక్కలు కట్టవలెను. మొదటి లెక్కలో బొట్టు గింజకు 125 కూడవలెను, ఉత్త గింజకు 25 తీసివేయవలెను. ఇది సరియైన నిర్ణయము. రెండవ లెక్కలో బొట్టు గింజకు 150 కూడవలెను, ఉత్త గింజకు 50 తీసివేయవలెను. ఇది తప్పు నిర్ణయము.

తరగతిలో 40 మంది ఉన్నచో, మొదటి లెక్కలో సుమారు 17 మందికి నష్టము కనబడును. ఇరువది సార్లు సరిగా ఆడియు ఓడినవారు వీరు. రెండవ లెక్కలో సుమారు ఏడుగురికి లాభము కనబడును. ఇరువది సార్లు తప్పుగా ఆడియు గెలిచినవారు. ఏ విద్యార్థి తన పలకను మాత్రమే చూచుకొన్నను ఏది ఒప్పో, ఏది తప్పో నిశ్చయింపలేడు. పిదప ఉపాధ్యాయుడు నలుబదిమంది మొత్తములను నల్లబల్లపై వ్రాసి కూడవలెను. 800 గింజల ఫలితము అక్కడ ఉండును. నూరు తరగతులలో 98 తరగతులకు మొదటి మొత్తము లాభముగానే తేలును. రెండవ మొత్తము నష్టముగా తేలని తరగతి దొరకుట దుర్లభము.